వరుసగా నడిచే చుక్కలు

ధ్యానభాగము: యిర్మీయా 10:2, అపొస్తలుల కార్యములు 17:11

ఈ నెల మీ ముందు నేను ఒక తప్పు ఒప్పుకొనవలసి యున్నది. ముందు అది చెప్పి, ఆ తరువాత ఆకాశము సంగతికి వస్తాను.

కొంతకాలం క్రితం, సంక్రాంతి వెళ్లిన వారంలో ఒక శనివారం సాయంత్రం. పొద్దు గ్రుంకి గంట అయ్యింది. మరునాటి ఆరాధన కోసం చర్చి ఆవరణ ఊడుస్తున్న పిల్లలు ఒక్కసారిగా కేకలు వేశారు. నేను బయటికి వచ్చి చూచాను. వాయువ్య మూల నుంచి వెలుగు చుక్కలు ఒకదాని వెనుక ఒకటి, దారానికి గుచ్చిన పూసల్లాగా, ఏ చప్పుడూ లేకుండా వస్తున్నాయి. ఇరవై దాకా లెక్కపెట్టాను. అవి మా నెత్తి మీదుగా దాటి, తూర్పున చెరువుగట్టు తాటిచెట్ల పైకి చేరేసరికి మొదటి చుక్క ఆరిపోయింది. రెండవది సరిగ్గా అదే చోటికి వచ్చి ఆరిపోయింది. ఆఖరి దాని వరకు అంతే. ఎవరో ఒక్కొక్క దీపాన్నే లోపలికి తీసుకొని తలుపు వేసినట్లున్నది.

"పరిశుద్ధులు ఎత్తబడుతున్నారయ్యా, మనం ఉండిపోయాం" అని ఒక తల్లి నేల మీద కూలబడి ఏడ్చింది. నాకును గుండె దడదడలాడింది. నేను గంట కొట్టించాను. ఊరంతా వచ్చింది. ఆ రాత్రి ప్రార్థన పన్నెండు వరకు సాగింది. మరునాడు ఆదివారం మత్తయి సువార్త 24వ అధ్యాయం తీసికొని, మనం కన్నులారా చూచినది రాకడ గుర్తేనని ఒకటిన్నర గంట ప్రసంగించాను. అంత మంది కన్నీళ్లు పెట్టుకొన్న ఆరాధన అంతకు ముందు నేను చూడలేదు. నిజం చెప్పవలెనంటే, లోలోపల సంతోషించాను కూడా.

సోమవారం సాయంత్రం మా సంఘములోని ఒక విధవరాలు వచ్చి, కొంగు ముడి విప్పి 38 వేల రూపాయలు నా బల్ల మీద పెట్టింది. ఆ ఉదయం సంతలో తన పాడిగేదెను అమ్మేసింది. "ఆయన వచ్చేస్తుంటే నాకు గేదె ఎందుకయ్యగారూ, సువార్త పనికి వాడండి" అన్నది. ఆమె బ్రతుకంతా ఆ గేదె మీదనే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసియుండియు ఆ డబ్బు తీసికొని, కానుకల పుస్తకంలో వ్రాసి, ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను.

ఆ రాత్రే మా సంఘములోని ఒక తమ్ముడు వచ్చాడు. హైస్కూల్లో సైన్సు మాస్టారు. గుమ్మంలో చాలాసేపు నిలుచుండి, "తప్పుగా అనుకోవద్దు అయ్యగారూ, అవి ఉపగ్రహాలు. స్టార్‌లింక్ అని ఒక అమెరికా కంపెనీవి. రేపు కూడా వస్తాయి" అని ఒక చీటీ ఇచ్చాడు. అందులో ఏ నిమిషానికి, ఏ దిక్కు నుంచి, కృత్తిక నక్షత్రాలకు ఎంత దగ్గరగా వెళ్లునో వ్రాసి యున్నది. మంగళవారం సాయంత్రం గడియారం పట్టుకొని నిలుచున్నాను. చీటీలో వ్రాసిన నిమిషానికే వచ్చాయి. వరుస మాత్రం శనివారం కంటే పొడుగైంది.

"ఆదివారమే ఎందుకు చెప్పలేదు తమ్ముడూ?" అని అడిగాను.

"మీరు వేదిక మీద చెప్పిన తరువాత నేనెలా కాదనేది అయ్యగారూ?" అన్నాడు.

ఆ మాట ఈనాటికీ నన్ను గుచ్చుచున్నది.

ఆకాశానికి కాపలా కాసేవారు

అప్పటి నుంచి ఈ సంగతి గురించి దొరికినదెల్లా చదివాను. నేను గంట కొట్టించిన చోట, వేరే దేశాలలో కొందరు సామాన్యులు ఏమి చేస్తారో తెలిసికొని సిగ్గుపడ్డాను. వారికి జీతం లేదు, హోదా లేదు. పగలు ఉద్యోగం చేసికొని, రాత్రి పెరట్లో కుర్చీ వేసికొని, బైనాక్యులర్ పట్టుకొని, ఆకాశంలో నడిచే చుక్కలను పరిశీలిస్తారు.

ఈ అలవాటుకు మంచి చరిత్ర యున్నది. 1956లో అమెరికాలోని స్మిత్సోనియన్ ఖగోళ పరిశోధనా సంస్థకు పెద్దగా ఉన్న ఫ్రెడ్ విపుల్ అనే శాస్త్రవేత్త, ఉపగ్రహాలు రాబోతున్నాయని తెలిసి, వాటిని కనిపెట్టి చూచే పనికి మామూలు జనాన్ని పిలిచాడు. ఆ పనికి మూన్‌వాచ్ అని పేరు. ఉపాధ్యాయులు, విద్యార్థులు, గృహిణులు చేరారు. చిన్న దుర్భిణులు వరుసగా పెట్టుకొని, ఆకాశంలో ఒక గీత గీసినట్లు ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్కను కాపలా కాసేవారు. ఉపగ్రహం ఎవరి ముక్కలో దాటితే వారు సమయం చెప్పాలి. 1957 అక్టోబరు 4న రష్యావారు మొట్టమొదటి ఉపగ్రహం స్పుత్నిక్‌ను పంపినప్పుడు వీరు సిద్ధంగా ఉన్నారు. అప్పుడు లోకమంతా వట్టి కంటితో చూచి స్పుత్నిక్ అనుకొన్నది నిజానికి దానితో పాటు తిరుగుచున్న రాకెట్టు భాగమే. అసలు స్పుత్నిక్ 58 సెంటీమీటర్ల గుండు. వట్టి కంటికి ఆనేంత వెలుగు దానికి లేదు. మొదటి రోజు నుంచే, కనిపించినదానికి పేరు పెట్టడంలో మనుష్యులు తొందరపడ్డారన్న మాట. మూన్‌వాచ్ 1975 వరకు నడిచింది. అది మూతపడినా చూచేవారు మానలేదు.

మూడు చుక్కల ముక్కోణం

వీరు చూచిన వాటిలో చాలా విచిత్రమైనది మూడు చుక్కల గుంపు. మూడు వెలుగులు ముక్కోణంగా నిలిచి, ఆ ముక్కోణం చెదరకుండా నక్షత్రాల మధ్య నడిచిపోతాయి. మంచి చీకట్లో బైనాక్యులర్‌తో చూస్తే కనిపిస్తాయి. ఒక్కొక్కసారి సూర్యకాంతి సరిగ్గా మన వైపు తిరిగితే వట్టి కంటికి కూడా తళుక్కుమంటాయి. అమెరికా, యూరపు దేశాలలో వీటిని చూచి భయపడినవారున్నారు. మూడు మూలల దీపాలున్న పెద్ద నల్లని ఓడ ఒకటి చప్పుడు లేకుండా తమ మీదుగా వెళ్లిందని చెప్పుకొన్నారు.

పరిశీలకులు ఏమి చేశారు? మూడు చుక్కల మధ్యలో నక్షత్రాలు కనిపిస్తున్నాయా అని చూచారు. కనిపించాయి. ఓడ ఉండి ఉంటే అది నక్షత్రాలను కప్పివేయవలెను కదా. కాబట్టి అది ఒకే వస్తువు కాదు, మూడు వేరువేరు వస్తువులు. తరువాత స్టాప్‌వాచ్ తీశారు. ఈ చుక్క ఈ రెండు నక్షత్రాల నడుమ ఏ సెకనుకు దాటినదో వ్రాసికొన్నారు. ఒకరు స్కాట్లాండులో, ఒకరు కెనడాలో, మరొకరు అమెరికాలో. ఒకరి లెక్క ఒకరికి పంపుకొని, కలిపి చూచికొని, ఆ మూడింటి దారిని తేల్చారు. అవి భూమికి సుమారు 1,100 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు 7 కిలోమీటర్లకు పైగా వేగంతో, 107 నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టివస్తాయి.

అవి అమెరికా నౌకాదళపు నిఘా ఉపగ్రహాలు. మొదటి గుంపు 1976 ఏప్రిల్ 30న కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి వెళ్లింది. సముద్రంలో ఓడ పంపే రాడారు సంకేతం ఒక్కొక్క ఉపగ్రహాన్ని ఒక్కొక్క క్షణంలో చేరుతుంది. ఆ క్షణాల తేడాను బట్టి ఓడ ఎక్కడ ఉన్నదో లెక్కకట్టవచ్చును. అందుకే ఒకటి సరిపోదు, కొన్ని కలిసి నడవాలి. 1990, 1991, 1996 సంవత్సరాలలో మళ్లీ మూడేసి చొప్పున పంపారు. 2001 సెప్టెంబరు నుంచి వెళ్లిన క్రొత్తవి రెండేసిగా నడుస్తున్నాయి. చైనావారు కూడా 2010 నుంచి ఇటువంటి మూడేసి ఉపగ్రహాలను పంపారు.

ప్రభుత్వం వీటి సంగతి రహస్యంగా ఉంచింది. పార్కే అనే పేరుగల ఆ పథకం ఉన్నదన్న సంగతి కూడా అధికారికంగా ఒప్పుకొన్నది 2023లోనే. మొదటి గుంపు ఎగిరిన 47 సంవత్సరాలకు! పెరట్లో కుర్చీ వేసికొన్న సామాన్యులకు మాత్రం ఆ దారులు ఎన్నో ఏండ్ల ముందే తెలుసు. గొప్ప యంత్రాలు వారి దగ్గర లేవు. రెండు కండ్లు, ఒక గడియారం, ఒక నోటుబుక్కు, ఉన్నది ఉన్నట్లు వ్రాసే మనస్సు, అంతే. కొంచెములో నమ్మకముగా ఉండుటను గూర్చి ప్రభువు లూకా 16:10లో చెప్పిన మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మా ఊరి పూసల వరుస

మా పల్లె మీదుగా వెళ్లినది ఈ నిఘా గుంపు కాదు. స్టార్‌లింక్ అనేది ఇంటర్నెట్ కోసం పంపే ఉపగ్రహాల సమూహం. 2019 మే 24న మొదటిసారి 60 ఉపగ్రహాలను ఒకే రాకెట్టులో పంపారు. నెదర్లాండ్స్‌లో మార్కో లాంగ్‌బ్రూక్ అనే పరిశీలకుడు అవి తన ఊరి మీదుగా ఎప్పుడు వెళ్లవచ్చునో తానే లెక్కకట్టుకొని, ఆ తరువాతి రాత్రే కెమెరాతో కాచుకొని, ఆ వరుసను చిత్రీకరించాడు. అదే వరుసను చూచి అదే దేశంలో ఎందరో వేరే లోకపువారు వచ్చారని బెదిరిపోయారు. ఆకాశం ఒకటే, వరుస ఒకటే. ఒకడు లెక్క వేసికొని ఎదురుచూచాడు, మిగిలినవారు భయపడ్డారు. మా ఊరిలో నేను ఆ రెండవ గుంపులో ఉన్నాను.

ఇక ఆ చుక్కలు ఒకే చోట ఎందుకు ఆరిపోయాయి? సాయంత్రం మన వాకిట్లో నీడ పడిన తరువాత కూడా కొండ శిఖరం మీద ఎండ కొంతసేపు నిలుస్తుంది. ఉపగ్రహం కొండకంటే ఎన్నో రెట్లు ఎత్తున ఉన్నది. దానికి సొంత వెలుగు లేదు. మనకు చీకటి పడినా దాని మీద ఎండ ఉంటుంది, ఆ ఎండే మనకు చుక్కగా కనబడుతుంది. భూమి నీడ సాయంత్రం తూర్పు వైపు నుంచి పైకి లేస్తుంది. తూర్పుకు పోయే ప్రతి ఉపగ్రహమూ ఆ నీడ అంచుకు రాగానే ఆరిపోతుంది. ఎవరును ఎత్తబడలేదు. మన భూమి నీడలోనికి అవి వెళ్లాయి, అంతే.

వరుస ఎందుకు పొడుగైంది? కొంచెం క్రిందుగా ఉన్న ఉపగ్రహం త్వరగా తిరిగి ముందుకు పోతుంది, పైకి వెళ్లినది వెనుకబడుతుంది. రాకెట్టు వదలిన కొద్ది రోజులు అవి దగ్గరదగ్గరగా ఉంటాయి. తరువాత ఒక్కొక్కటి తన ఎత్తుకు ఎక్కుతూ చెదరిపోతుంది. ముక్కోణం ముక్కోణంగానే నిలవాలంటే మాత్రం అప్పుడప్పుడు చిన్న చిన్న సవరణలు చేస్తూ ఉండాలి. ఒక్కసారి సరిగా బయలుదేరితే చాలదు. కుటుంబమైనా సంఘమైనా అంతే కదా. దూరం కొంచెముగా ఉన్నప్పుడే సవరించుకొనవలెను.

మన నేల నుంచి

ఈ విద్య మనకు దూరమైనదేమీ కాదు. మన ఆంధ్ర దేశంలోని శ్రీహరికోట నుంచే 2024 డిసెంబరు 5న యూరపువారి ప్రోబా-3 అనే జంటను మన పిఎస్‌ఎల్‌వి రాకెట్టు తీసికొనిపోయింది. ఆ రెండు ఉపగ్రహాలు సుమారు 150 మీటర్ల దూరంలో, మిల్లీమీటరు తేడాతో నిలుస్తాయి. ఒకటి సూర్యునికి అడ్డు నిలిచి తన నీడను రెండవదాని మీద వేస్తుంది. ఆ నీడలో నుంచి రెండవది సూర్యుని చుట్టునున్న కాంతివలయాన్ని చూస్తుంది. గ్రహణం కోసం కాచుకొనే పని లేకుండా తామే గ్రహణం చేసికొంటాయన్న మాట. అదే నెల 30న శ్రీహరికోట నుంచే ఇస్రోవారు స్పేడెక్స్ అనే రెండు ఉపగ్రహాలను పంపారు. 2025 జనవరి 16న అవి ఆకాశంలో ఒకదానితో ఒకటి కలిసికొన్నాయి.

రైతు కుటుంబాలు తెలిసికొనవలసిన జంట ఇంకొకటి యున్నది. 2002 మార్చి 17న వెళ్లిన గ్రేస్ అనే రెండు ఉపగ్రహాలు సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనుక ఒకటి నడిచేవి. క్రింద నేల బరువు ఎక్కువైతే ముందుది కొంచెం ముందుకు లాగబడి, నడుమ దూరం రవ్వంత మారుతుంది. ఆ మార్పును కొలిచి, పంజాబు, హర్యానా, రాజస్థాను నేలల క్రింద నీరు తరిగిపోవుచున్నదని శాస్త్రవేత్తలు 2009లో చెప్పారు. 2017లో ఆ జంట పని ముగిసింది, 2018లో అటువంటిదే మరొక జంట వెళ్లింది. బోరు ఎండితే శాపమనుకొని ఊరుకొనే మనకు, ఆకాశంలోని రెండు చుక్కలు నీళ్లు పొదుపుగా వాడుకొమ్మని చెప్పుచున్నవి.

మీరును చూడవచ్చును

ఇందుకు డబ్బు అక్కరలేదు. పొద్దు గ్రుంకిన తరువాత గంట, రెండు గంటల లోపు గానీ, తెల్లవారుజామున పొద్దు పొడవక ముందు గానీ, వీధిదీపాలకు దూరంగా మంచం వాల్చుకొని పండుకొనండి. కండ్లు చీకటికి అలవాటు పడుటకు ఒక పావుగంట ఆగండి. సెల్‌ఫోన్ చూడకండి. ఎఱ్ఱగా పచ్చగా మినుకుమంటే అది విమానం. మినుకు లేకుండా ఒకే వేగంతో జరిగే చుక్క చాలా మట్టుకు ఉపగ్రహం. ముందుగా మారని నక్షత్రాలను గుర్తుపట్టండి. యోబు గ్రంథములో చెప్పబడిన కృత్తికను, మృగశిరను మొదట పిల్లలకు చూపించండి. ఆ తరువాత నోటుబుక్కులో నాలుగు సంగతులు వ్రాయించండి: తేదీ, సమయం, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు వెళ్లింది, ఏ నక్షత్రం దగ్గరగా దాటింది. రెండు మూడు కలిసి నడిస్తే వాటి నడుమ దూరం మారుచున్నదా, నిలకడగా ఉన్నదా అని కూడా వ్రాయించండి. చూచినది మాత్రమే వ్రాయాలి, అనుకొన్నది వ్రాయకూడదు. ఈ ఒక్క నియమం నేర్చుకొన్న పిల్లవాడు పెద్దవాడైన తరువాత పుకారుకు లొంగడు.

ఎవరు మెలకువగా ఉన్నట్లు?

రాకడ కొరకు మెలకువగా ఉండుడని ప్రభువు చెప్పిన మాట నేను ఎన్నడూ తేలికగా తీసికొనలేదు, ఇప్పుడును తీసికొనను. ఆయన తప్పక వచ్చును. అయితే ఆ దినమును ఆ గడియను ఎవరును ఎరుగరని మార్కు 13:32 మనకు తెలుపుచున్నది. అది తెలిసియుండి, కనబడిన ప్రతి వెలుగుకూ గంట కొట్టుట మెలకువ కాదు, ఉలికిపాటు. ఆకాశములో కనబడు గుర్తులను చూచి జనములు భయపడినను మీరు భయపడవద్దని దేవుడు యిర్మీయా ద్వారా తన ప్రజలకు ఆజ్ఞాపించెను. బెరయవారు పౌలు అంతటివాడు చెప్పిన మాటను కూడ లేఖనములతో సరిచూచికొనిరి. అందుకు పౌలు వారి మీద కోపపడలేదు, లేఖనము వారిని ఘనులని పిలిచెను. నా సంఘములో మాస్టారు తమ్ముడు నన్ను సరిచూచుటకు సోమవారం రాత్రి వరకు భయపడ్డాడంటే, ఆ లోపము అతనిది కాదు. కాపరి మాట సరిచూడకూడదని నా సంఘమునకు నేర్పినది నేనే.

ఆ తరువాతి ఆదివారం అదే వేదిక మీద నిలుచుండి, నేను చెప్పినది తప్పు అని చెప్పాను. ఆ విధవరాలి డబ్బు ఆమెకు తిరిగి ఇచ్చాము. గేదె కోసం వెదకితే, సంతలో కొన్న బేరగాడు దానిని వేరే జిల్లాకు అమ్మేశాడు. ఆమె తొందరలో తక్కువ ధరకు ఇచ్చినందున ఆ డబ్బుకు అటువంటి గేదె రాలేదు. సంఘపెద్దలు తలా కొంత వేస్తే ఒక పడ్డను కొనిపెట్టాము. అది ఈని పాలిచ్చేవరకు ఆమె కూలికి వెళ్లింది. నేను క్షమాపణ అడిగినప్పుడు ఆమె నిష్ఠూరమాడలేదు. "మీరు చెప్పారని నమ్మానయ్యగారూ" అన్నది. అంతకంటే బరువైన మాట నేను ఇంతవరకు వినలేదు.

ఇప్పుడు శనివారం సాయంత్రాలు సండే స్కూలు పిల్లలు చర్చి ఆవరణలో చాప వేసికొని ఆకాశం చూస్తారు. మాస్టారు తమ్ముడు పక్కన కూర్చుంటాడు. నోటుబుక్కులో పేజీలు నిండుతున్నాయి. మొన్నటి వారం ఆమె పడ్డకు గడ్డి తీసికొని పోతూ దారిలో ఆగి, తల పైకెత్తి, "ఇవాళ ఎన్నింటికి వస్తాయి బాబూ?" అని పిల్లలను అడిగింది. వారు సమయం చెప్పారు. గడ్డిమోపు దించి, అరుగు మీద కూర్చొని, ఆ వేళ వరకు ఉండి, చూచి, లేచి ఇంటికి వెళ్లింది.

భయములేని మెలకువను ప్రభువు మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.